కరుణ అంటే జాలేనా? పాళీ తెలిసినవారు చెప్పగలరా

నమస్కారమండీ. సంస్కృతం, పాళీ (తొలి బౌద్ధ గ్రంథాల భాష) రెండూ చదివినవారు నా సందేహం తీరుస్తారని రాస్తున్నాను.

రెండు భాషల్లోనూ 'కరుణ' మాట ఒక్కటే. బళ్లో చదువుకున్న, కావ్యాల్లోని కరుణ రసానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, శోకం. సంస్కృత నాటకకర్త భవభూతి అయితే ఉత్తరరామచరితంలో, ఉన్న రసం ఒక్కటే, అది కరుణే అని తమస అనే నదీదేవత చేత అనిపించాడు.

బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు 5వ శతాబ్దంలో పాళీలో రాసిన విశుద్ధిమగ్గం అనే సాధన గ్రంథం దగ్గరికి వచ్చేసరికి తికమక మొదలైంది. ఇతరులు బాధపడుతుంటే మంచివాళ్ల గుండెను కంపింపజేసేది కరుణ అంటాడాయన. ఎంత బాగుందో! కానీ హింసాబుద్ధి అణగితే కరుణ ఫలించినట్టు, శోకం పుడితే చెడినట్టు అని కూడా అంటాడు. కావ్యంలో ప్రాణమైన శోకం ఇక్కడ దోషం ఎలా అయింది?

ఇది పుస్తకాల సందేహం మాత్రమే కాదు. మా నాన్నగారు పక్షవాతంతో ఏడాదిగా మంచం మీద ఉన్నారు. అన్నం తినిపిస్తుంటే నాకు ఏడుపు ఆగదు, అది చూసి ఆయన తినడం మానేస్తారు. నాలో ఉన్నది కరుణా, నా సొంత దుఃఖమా?

'అనుకంప' అంటే తోడుగా కంపించడం కదా, దానికీ కరుణకూ పాళీలో తేడా ఉందా? జాలి అంటే పైనుంచి చూస్తున్నట్టుంది. దయ, కనికరం కూడా పూర్తిగా సరిపోవట్లేదు. మీరైతే తెలుగులో ఏ మాట వాడతారు? ధ్యానంలో అనుభవం ఉన్నవారు కూడా దయచేసి చెప్పండి.