ఒకే సబ్‌నెట్‌లో 400 డివైస్‌లు: మాస్క్ పెంచాలా, వీల్యాన్‌లుగా విడగొట్టాలా?

కొత్త_అడ్మిన్:
ఆఫీసు మొత్తం 192.168.1.0/24 అనే ఒకే సబ్‌నెట్ (254 అడ్రస్‌ల గుంపు) మీదే నడుస్తోంది. 140 మంది, వాళ్ల ల్యాప్‌టాప్‌లు, మొబైళ్లు, డెస్క్ మీద ఐపీ ఫోన్లు, కెమెరాలు 20, ప్రింటర్లు 8. మధ్యాహ్నానికల్లా డీహెచ్‌సీపీ (డివైస్‌లకు అడ్రస్‌లు పంచే సేవ) పూల్ అయిపోతోంది, ఆ తర్వాత వచ్చినవాళ్లకు 169.254తో మొదలయ్యే, డివైస్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ పడుతోంది. డీహెచ్‌సీపీ విండోస్ సర్వర్‌లో ఉంది. మేనేజ్డ్ స్విచ్‌లు ఆరు, ఒకదానికొకటి గొలుసుగా కలిపి ఉన్నాయి. త్వరలో ఇంకో అంతస్తు కలుస్తుంది. మాస్క్ (సబ్‌నెట్ సైజు) /23 చేసి అడ్రస్‌లు రెట్టింపు చేస్తే సరిపోతుందా, లేక వీల్యాన్‌లుగా (అవే స్విచ్‌ల మీద వేరువేరు నెట్‌వర్క్‌లుగా) విడగొట్టాలా? చూసుకునేది ఇద్దరమే, పగలు పని ఆగకూడదు.

పాత_రౌటర్:
ముందు మంట ఆర్పండి. విండోస్ సర్వర్‌లో లీజు (ఇచ్చిన అడ్రస్ గడువు) డిఫాల్ట్‌గా 8 రోజులు. ఎవరి మొబైలో పది నిమిషాలు వైఫైకి తగిలి వెళ్లిపోయినా ఆ అడ్రస్ 8 రోజులు దాని పేరు మీదే ఉండిపోతుంది. లీజు 8 గంటలకు తగ్గించండి. ఇప్పటికే ఇచ్చిన లీజులు పాత గడువు దాకా కదలవు కనుక, వెళ్లిపోయిన మొబైళ్లవి చేత్తో తీసేయండి. అంతకుముందే కాన్‌ఫ్లిక్ట్ డిటెక్షన్ 1 పెట్టండి. అప్పుడు సర్వర్ అడ్రస్ ఇచ్చేముందు దాన్ని ఇప్పటికే ఎవరైనా వాడుతున్నారేమో ఒకసారి పింగ్ చేసి చూసుకుంటుంది.

ఇక /23 సంగతి. 192.168.1.0 ఉన్న /23 అంటే 192.168.0.0 నుంచి 192.168.1.255 వరకు. చాలామంది 2.x కలుస్తుందనుకుంటారు, కలవదు. పైగా విండోస్‌లో ఉన్న స్కోప్ (డీహెచ్‌సీపీ పంచే అడ్రస్‌ల రేంజి) మాస్క్ మార్చడం కుదరదు, స్కోప్ తీసేసి మళ్లీ కట్టాలి. చేత్తో అడ్రస్ పెట్టిన ప్రింటర్‌లో పాత 255.255.255.0 మిగిలిపోతే 0.xలో ఉన్న ల్యాప్‌టాప్‌ను అది బయటి నెట్‌వర్క్ అనుకుని జవాబును గేట్‌వేకు (బయటికి దారి చూపే రౌటర్‌కు) పంపుతుంది. గేట్‌వే ఫైర్‌వాల్ అయితే, సంభాషణలో సగమే చూసింది కాబట్టి ఆ ప్యాకెట్‌ను పడేస్తుంది. ఒక్కోసారి పింగ్ వెళ్లినా ప్రింట్ రాదు! ఇంత తిప్పలు పడేబదులు విడగొట్టడమే మేలు.

ట్రంక్_పోర్ట్:
అవును, విడగొట్టండి. అదే చేత్తో 192.168.1.x కూడా వదిలేయండి. ఇంటి రౌటర్లలో చాలావాటికి అదే రేంజి, వీపీఎన్‌లో వచ్చినవాళ్లకు ఆఫీసు సర్వర్ బదులు సొంతింటి ప్రింటర్ తగులుతుంది. 10.20.వీల్యాన్.x పద్ధతి పెట్టుకోండి: 10 స్టాఫ్, 20 వాయిస్, 30 కెమెరాలు, 40 ప్రింటర్లు, 50 గెస్ట్, 99 మేనేజ్‌మెంట్. రెండో సంఖ్య (20) బిల్డింగుకు. గెస్ట్‌కు /23 ఇవ్వండి: 10.20.50.0 నుంచి 51.255 దాకా, 510 అడ్రస్‌లు. కాబట్టి 51 నంబరు ఇంకెవరికీ ఇవ్వకండి. కోర్ స్విచ్‌లో (మిగతా స్విచ్‌లు కలిసే ప్రధాన స్విచ్) ప్రతి వీల్యాన్ గేట్‌వే కింద డీహెచ్‌సీపీ రిలే (అడ్రస్ అభ్యర్థనను సర్వర్‌కు చేరవేసేది) పెట్టాలి, మరిస్తే మళ్లీ 169.254 దర్శనమిస్తుంది.

మార్చే వరుస కూడా ముఖ్యమే. మొదట మొబైళ్లు గెస్ట్‌లోకి, దాంతోనే రద్దీ బాగా తగ్గుతుంది. తర్వాత కెమెరాలు, ఐపీ ఫోన్లు. స్టాఫ్‌ను స్విచ్ తర్వాత స్విచ్‌గా. ప్రింటర్లు చివర.

సిస్కో స్విచ్‌లైతే ఒక్క మాట. ట్రంక్ (స్విచ్‌ల మధ్య అనేక వీల్యాన్‌లను మోసే లింక్) మీద కొత్త వీల్యాన్ చేర్చేటప్పుడు 'అలవ్డ్ వీల్యాన్ 30' అని కొడితే పాత జాబితా మొత్తం పోయి 30 ఒక్కటే మిగులుతుంది. 'అలవ్డ్ వీల్యాన్ యాడ్ 30' అనాలి. దూరం నుంచి చేస్తుంటే ముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. లింక్ తెగినా పది నిమిషాల్లో స్విచ్ రీబూటై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాతే సేవ్. ముందే సేవ్ చేస్తే ఈ రక్షణకు అర్థం లేదు.

ఆ గొలుసు కూడా తెంపండి, ప్రతి స్విచ్ నేరుగా కోర్‌కు రావాలి. స్పానింగ్ ట్రీ (లూప్‌లు పడకుండా చూసే ప్రోటోకాల్) ప్రయారిటీ అన్నిటికీ డిఫాల్ట్ 32768 కాబట్టి తక్కువ మ్యాక్ (హార్డ్‌వేర్ అడ్రస్) ఉన్నదే రూట్ (దారులకు కేంద్రం) అవుతుంది, తరచూ అది మూలన పడున్న పాత డబ్బా. తక్కువ ప్రయారిటీయే గెలుస్తుంది కనుక కోర్‌కు 4096 పెట్టండి. డెస్క్ పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్‌తోపాటు (పోర్టు వెంటనే పనిచేయడానికి) బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టు ఆపేది) తప్పనిసరి. ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలూ గోడలో గుచ్చినప్పుడు ఆ పోర్టే ఆగుతుంది, ఆఫీసు ఆగదు.

కొత్త_అడ్మిన్:
ప్రింటర్ల ఐపీలు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ నేరుగా కొట్టి ఉన్నాయండీ. అవన్నీ తిరిగి మార్చాల్సిందేనా?

పాత_రౌటర్:
ఒక్కసారి తప్పదు, కానీ కొత్త ఐపీకి కాదు, పేరుకు మార్చండి. ప్రతి ప్రింటర్‌కూ డీఎన్ఎస్‌లో (పేరుకు ఐపీ చెప్పే సేవ) పేరిచ్చి, ప్రింట్ సర్వర్‌లో క్యూ కట్టి, గ్రూప్ పాలసీతో (విండోస్ కంప్యూటర్లన్నిటికీ సెట్టింగ్ పంపేది) తోసేయండి. ఇదంతా పాత ఐపీ ఉండగానే జరగాలి. తరలించే రోజుకు ముందు ఆ పేర్ల టీటీఎల్ (కంప్యూటర్లు పాత ఐపీని గుర్తుంచుకునే గడువు) 5 నిమిషాలకు దించండి. వీల్యాన్ మారాక ప్రింటర్‌ను డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లోనే (ఎప్పుడూ అదే అడ్రస్ ఇచ్చేలా) ఉంచండి, మళ్లీ ప్యానెల్ మీద చేత్తో కొట్టొద్దు. మొబైల్ నుంచి ప్రింటర్‌ను దానంతటదే వెతుక్కునే మల్టీకాస్ట్ డీఎన్ఎస్ మాత్రం సబ్‌నెట్ దాటదు. అది కావాలంటే గేట్‌వేలో రిఫ్లెక్టర్ (ఆ వెతుకులాటను మిగతా సబ్‌నెట్‌లకు చేరవేసేది) పెట్టాలి.

గ్రాఫ్_గమనిక:
ఇద్దరే అంటున్నారు కనుక ఇదీ చూడండి. మొదటి వీల్యాన్ కట్టకముందే ఆక్సిడైజ్డ్ లాంటి కాన్ఫిగ్ బ్యాకప్ టూల్ పెట్టి స్విచ్ కాన్ఫిగ్‌లు రోజూ గిట్‌లోకి (మార్పుల చరిత్ర దాచేది) వెళ్లేలా చేయండి. రాత్రి ఏ లైను మారిందో పొద్దున తేడా చూస్తే తెలిసిపోతుంది. స్విచ్‌లన్నిటికీ ఒకే ఎన్‌టీపీ (గడియారాలు కలిపే సర్వర్), లేకపోతే లాగుల్లో ఏది ముందు జరిగిందో తేలదు.

ట్రాఫిక్ గ్రాఫ్‌లు పెట్టేటప్పుడు ఎస్ఎన్ఎంపీలో (స్విచ్‌ల నుంచి అంకెలు చదివే పద్ధతి) 64 బిట్ కౌంటర్లే తీసుకోండి. 32 బిట్ కౌంటర్ నిండు గిగాబిట్ మీద దాదాపు 34 సెకన్లలో తిరిగి సున్నాకు వస్తుంది. మీరు 5 నిమిషాలకోసారి చదువుతుంటే సెకనుకు సుమారు 114 మెగాబిట్లు దాటిన ప్రతి లింకూ తప్పు అంకెలే చూపిస్తుంది, అదీ తక్కువ చేసి. అప్‌లింక్ ఖాళీగా ఉందనుకుని కొత్త అంతస్తును దాని మీదే వేలాడదీస్తారు.