కార్తీకంలో అరకు తోటలు: పెద్దవాళ్లతో ఎక్కడ ఉంటే బాగుంటుంది?

విశాఖపట్నం నుంచి అమ్మానాన్నలను, బడికి వెళ్లే మా అమ్మాయిని తీసుకుని కార్తీక మాసంలో ఒక శని, ఆదివారాలు అరకు వైపు వెళ్లాలనుకుంటున్నాం. బొర్రా గుహలు, మ్యూజియం అందరం చూసినవే. ఈసారి తోటల్లోనే తిరగాలని ఉంది. నాన్నగారు రైతు. పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసినా మట్టి మీద బెంగ ఆయనను వదలలేదు. సిల్వర్ ఓక్ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో ఎర్రబడే కాఫీ పండ్లు ఆయన చేత్తో తాకి చూడాలి, కోసేవాళ్లతో తీరిగ్గా మాట్లాడాలి. అదే నా కోరిక.

అనంతగిరి, అరకు మండలాల్లో గిరిజన రైతులు తోట చూపించి, రాత్రి బసకు చోటిచ్చే ఊళ్లు మీకు తెలుసా? భోజనం కూడా వాళ్లింటిదైతే మరీ సంతోషం. ఎంత ఇస్తే న్యాయంగా ఉంటుంది?

అరకు చేలల్లో పసుపుగా విరిసే వలిసె పూలు నవంబరు మొదట్లోనే నిండుగా ఉంటాయా, నెలాఖరుకా? ఫొటోల కోసం పూలచేలు తొక్కేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. గట్టు మీద నుంచే చూడగలిగే చోటు చెప్పండి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఘాట్ రోడ్డు మలుపుల్లో కళ్లు తిరుగుతాయి. ఆమెకు కారు కంటే ఉదయం అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలే నయమా? వెళ్లివచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.