కింది దవడ వెనక్కి జరిపిస్తే ఊపిరి దారి ఇరుకవుతుందా?

కాణిపాకం రోడ్డు: మా చెల్లికి 23 ఏళ్లు. కింది దవడ ముందుకొచ్చింది, ముందు పళ్లతో దోసె ముక్క కూడా తుంచలేదు. తిరుపతిలో చూపిస్తే కింది దవడ ఒక్కటే 8 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే చాలన్నారు. చెన్నై డాక్టరేమో పైదవడ కొంచెం ముందుకు, కిందిది కొంచెం వెనక్కి జరపాలి, లేకపోతే గొంతులో గాలి దారి తగ్గుతుందన్నారు. ఎవరి మాట వినాలి?

అలిపిరి మెట్లు: చెన్నై మాటే. నాలుక కింది దవడను పట్టుకుని ఉంటుంది. దవడ వెనక్కి పోతే నాలుకా పోతుంది, దాని వెనక సందు తగ్గుతుంది. మా బావమరిది చేయించుకున్నాడు. ఇప్పుడు వాడి గురక పక్కింటికి వినిపిస్తుంది.

తోతాపురి: నాకూ 2016లో కింది దవడ ఒక్కటే జరిపారు. పోయిన నెల 3550 మెట్లు ఎక్కి కొండకు పోయా. ఆయాసమే రాలేదు.

అలిపిరి మెట్లు: మెట్లెక్కేటప్పుడు మెలకువగా ఉంటారు సామీ. దారి మూసుకునేది నిద్రలో, కండరాలు సడలినప్పుడు.

తోతాపురి: సందు తగ్గిందని ఎక్స్‌రే చూసే కదా అంటున్నారు? ఆ సెఫలోగ్రామ్, అంటే తల ఎక్స్‌రే, మనిషిని నిటారుగా ఉంచి, మెలకువలో, పక్క నుంచి తీస్తారు. అడ్డం కొలత అందులో తెలియదు. సందు తగ్గడం వేరు, స్లీప్ ఆప్నియా వేరు. ఆప్నియా అనాలంటే నిద్రలో శ్వాస గంటకు కనీసం 5 సార్లు ఆగడమో బాగా తగ్గడమో జరగాలి. మీవాడికి నిద్ర పరీక్ష చేయించారా?

రేణిగుంట జంక్షన్: ఆప్నియా ముదిరినవాళ్లకు రెండు దవడలూ ముందుకు జరిపే ఆపరేషనే ఉంది కదా. ముందుకు జరిపితే దారి తెరుచుకుంటే, వెనక్కి జరిపితే?

తోతాపురి: కొందరికి ఇబ్బంది రావచ్చు, అందరికీ కాదు. మీ బావమరిది బరువెంత పెరిగాడో అది చెప్పండి.

అలిపిరి మెట్లు: 14 కిలోలు. అయితే? తప్పంతా వాడిదేనా? వాడు అడగనే లేదు ఆపరేషన్. సంబంధం కుదరాలని మా అత్తగారు పట్టుబట్టి చేయించింది. సంతకం పెట్టించుకునేటప్పుడు పెదవి తిమ్మిరెక్కవచ్చని చెప్పారు, నిద్ర గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నా మంట అది.

తోతాపురి: ఆ మాట మొదటే చెప్పొచ్చుగా! నేను ఎవరి పెళ్లికోసమూ చేయించుకోలేదు. బడిలో నన్ను గరిటె అని పిలిచేవాళ్లు. అప్పట్లో నీలాంటివాడు ఎవరైనా భయపెట్టి ఉంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు.

మదనపల్లె టమాట: ముందు ఆ పిల్ల గురక పెడుతుందా లేదా? అది ఒక్కరూ అడగరే.

కాణిపాకం రోడ్డు: పెడుతుంది అక్కా, జలుబు లేకున్నా. సన్నగానే ఉంటుంది. అమ్మకు సంబంధాల తొందర. చెల్లి ఇదంతా చదివింది, నిద్ర పరీక్ష అయ్యాకే మిగతా మాటలు అంటోంది.

తోతాపురి: చేయించండి. కానీ ఆ ఎక్స్‌రే మాత్రం నిటారుగానే తీస్తారు.

అలిపిరి మెట్లు: కాదని నేనెప్పుడన్నా?