పాత వ్యాగన్ ఆర్‌లో 'గూ...' అని హోరు: గేర్‌బాక్స్ దించాలా, వద్దా?

సింగ్‌నగర్ వాసి (ప్రశ్న)
అందరికీ నమస్కారం. మాది 2011 వ్యాగన్ ఆర్, పెట్రోలు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు ఇంటి ముందే మునిగింది. సీట్ల దాకా నీళ్లు. అప్పుడు ఇంజిన్ ఆయిలు మార్పించి, సెల్ఫ్ మోటారు బాగుచేయించి, సీట్లు ఆరబెట్టి మళ్లీ రోడ్డెక్కించాం.

కొన్ని నెలలుగా కొత్త బాధ. స్పీడు 50 దాటగానే ముందువైపు నుంచి హోరు మొదలవుతోంది. 70కి వచ్చేసరికి పక్క సీట్లో మనిషితో గొంతు పెంచి మాట్లాడాలి. ఆక్సిలరేటర్ వదిలేసినా తగ్గదు, స్పీడు తగ్గితేనే తగ్గుతుంది. మాకు తెలిసిన మెకానిక్ ఒక రౌండు తిప్పి చూసి, "వరద నీళ్లు గేర్‌బాక్స్‌లోకి వెళ్లాయి, లోపల బేరింగులు పోయాయి, దించాల్సిందే" అన్నాడు. పాతిక వేలకు పైనే అవుతుందట. ఇంకో షాపులో టైర్లు మార్చమన్నారు. నాన్నగారేమో ఎంతొస్తే అంతకు అమ్మేయమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్ పాతకాపు
మీ మెకానిక్ అన్నదాంట్లో తప్పేమీ లేదు తమ్ముడూ. గేర్‌బాక్స్ పైన గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లు సీట్ల దాకా వచ్చాయంటే ఆ గొట్టం కూడా మునిగినట్టే. ఇంజిన్ ఆయిలు మార్చామన్నారు గానీ గేరాయిలు మార్చిన మాట ఎక్కడా రాయలేదు. నీళ్లు కలిసిన ఆయిలుతో ఇన్ని నెలలు తిరిగితే బేరింగులు తుప్పు పట్టకుండా ఉంటాయా? ఇప్పుడే దించితే బేరింగులతో పోతుంది. ఆలస్యం చేస్తే గేర్ల పళ్లు కూడా పోతాయి, అప్పుడు ఖర్చు రెట్టింపు. వరద బళ్లు చాలా చూశాను కాబట్టి చెబుతున్నాను.

గుంటూరు డీజిల్
దించే ముందు ఆయిలు చూడొచ్చు కదా అన్నా.

కాకినాడ ర్యాంపు
ఆటోనగర్ అన్నగారి అనుభవం మీద గౌరవం ఉంది. వరద బండిలో గేరాయిలు మార్చకుండా తిప్పకూడదన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ చెవితో ఒక్క రౌండు విని గేర్‌బాక్స్ దించడం నేను ఒప్పుకోను. ఇలాంటి హోరుకు కనీసం మూడు చోట్లు ఉన్నాయి: టైరు, చక్రం బేరింగు, గేర్‌బాక్స్. మూడూ స్పీడుతో పాటే పెరుగుతాయి, మూడూ లోపల కూర్చున్నవాడికి ఒకేలా వినిపిస్తాయి. విడివిడిగా తేల్చడానికి దారులున్నాయి, వాటిలో చాలావరకు పైసా ఖర్చు లేనివి.

ముందు బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. క్లచ్ మీద నుంచి కాలు తీయండి. ఇప్పుడు గేర్‌బాక్స్‌లో ఇంజిన్ వైపు షాఫ్టు తిరుగుతూ ఉంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కితే అది ఆగుతుంది. కాలు తీసినప్పుడు గరగర ఉండి, తొక్కగానే పోతే ఆ షాఫ్టు బేరింగును అనుమానించాలి. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగు. రెండూ లేకపోతే గేర్‌బాక్స్‌లో సగం మీద అనుమానం తగ్గినట్టే. సగమే అంటున్నాను, ఎందుకంటే చక్రాల వైపు షాఫ్టు, రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ బండి కదిలితేనే తిరుగుతాయి. 70లో న్యూట్రల్ చేసినా హోరు ఉందంటే "గేర్‌బాక్స్ కాదు" అని కొందరు తీర్మానించేస్తారు. అది తప్పు. ఇంజిన్ కాదని మాత్రమే తేలుతుంది.

తర్వాత ఖాళీగా, వెడల్పుగా ఉన్న రోడ్డు మీద 60లో వెళ్తూ స్టీరింగు మెల్లగా ఎడమకు, మళ్లీ కుడికి ఊపండి. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగి, కుడికి తిప్పితే తగ్గితే కుడి బేరింగు పోయినట్టు. ఇంజిన్ మాత్రం ఆపొద్దు, ఆపితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని వాళ్లను వినమనండి, మీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

ఇక అసలు పరీక్ష. చక్రాన్ని పైకి లేపి, కింద స్టాండు పెట్టి, వెనక చక్రాలకు అడ్డం రాళ్లు వేసి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పండి. రెండో చేతి వేళ్లు సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించండి. మంచి బేరింగైతే స్ప్రింగులో ఏమీ తెలియదు. పోయిన బేరింగైతే ఇసుక మీద గోలీ దొర్లినట్టు సన్నని గరగర వేళ్లకు తగులుతుంది. చెవికి వినపడని దశలో కూడా వేళ్లకు తెలుస్తుంది. తర్వాత చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపి చూడండి. ఆడితే బేరింగు గానీ కింది బాల్ జాయింటు గానీ అరిగినట్టు. ఆడకపోయినంత మాత్రాన బేరింగు బాగుందని కాదు. ఆట లేకుండా హోరెత్తే బేరింగులే ఎక్కువ.

వరద నీళ్లు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే అవకాశం ఎంత ఉందో, చక్రం బేరింగులోకి వెళ్లే అవకాశం అంతకంటే ఎక్కువ. గేర్‌బాక్స్ గాలి గొట్టం కంటే అవి చాలా కింద ఉంటాయి. సీలు పాతదైతే బురద నీరు లోపలికి చేరి గ్రీజును పాడుచేస్తుంది. ఆ చప్పుడు వెంటనే రాదు, నెలలు పోయాక మొదలవుతుంది. మీరు రాసిన లక్షణం దానికి సరిగ్గా సరిపోతుంది.

ఆటోనగర్ పాతకాపు
స్టీరింగు ఊపుడు పరీక్షను నమ్మి ఎడమ బేరింగు పోతే కుడిది మార్చినవాళ్లను చూశాను. ఆ బేరింగులో రెండు వరుసల గుండ్లు ఉంటాయి. ఏ వరుస దెబ్బతిన్నదన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

కాకినాడ ర్యాంపు
నిజమే అన్నా. అందుకే ఆ ఒక్కదాని మీద ఆధారపడకుండా స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూడమన్నది. రెండూ ఒకే వైపు చూపిస్తేనే విప్పాలి.

ఖమ్మం టైర్లు
మేం టైర్ల పనిలో ఉన్నాం. టైర్లు మార్చమన్న షాపును కూడా తీసిపారేయకండి. ట్రెడ్డు మీద, అంటే టైరు రోడ్డుకు తగిలే భాగం మీద అరచెయ్యి ముందుకోసారి, వెనక్కోసారి రాయండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపపు పళ్లలా గుచ్చుకుంటే ఆ టైరు హోరెత్తుతుంది. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 3518 అంటే 2018లో 35వ వారం. అంత పాతదైతే రబ్బరు గట్టిపడి ఉంటుంది. తేల్చుకోవడం సులువు: సిమెంటు రోడ్డు నుంచి కొత్త తారు రోడ్డెక్కగానే హోరు బాగా తగ్గితే టైరే. బేరింగుకు రోడ్డుతో అంత పట్టింపు ఉండదు. ఇంకా అనుమానముంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు వేసి నడపండి. చప్పుడు వెనక్కి వెళ్లిందంటే తేలిపోయినట్టే.

హైదరాబాద్ ఐటీ
ఇంత కష్టం అవసరమా? 2011 బండికి 2026లో ఆర్‌సీ రెన్యువల్ వస్తుంది. ఫీజే 5,000, ఆపైన గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్. ఆ తర్వాత కూడా అయిదేళ్లకే ఇస్తారు. పైగా వరదలో మునిగిన బండి. మీ నాన్నగారి మాటే రైటు.

కాకినాడ ర్యాంపు
అమ్మాలా వద్దా అన్నది వాళ్లింటి విషయం. కానీ ఆ హోరు ఏమిటో తెలియకుండా అమ్మితే, కొనేవాడు కూడా "గేర్‌బాక్స్ పోయింది" అని పాతిక వేలు తగ్గించే అడుగుతాడు. అమ్మడానికైనా ముందు తేల్చుకోవాల్సిందే.

గుంటూరు తమ్ముడు ఒక్క లైనులో మంచి మాట అన్నారు, దాన్ని కొంచెం వివరిస్తాను. గేర్‌బాక్స్ కింద డ్రెయిన్ బోల్టు ఉంటుంది. ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలోకి ఆయిలు దించండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి సన్నని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే, భయపడొద్దు. పొలుసులు, ముక్కలు కనిపిస్తే మాత్రం ఆటోనగర్ అన్నగారి మాటే రైటు, దించాలి. దింపిన పాత ఆయిలు ఎలాగూ మళ్లీ పోయకూడదు. కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు కొత్తది పోయించండి. వరద తర్వాత ఎప్పుడో జరగాల్సిన పని అది.

సింగ్‌నగర్ వాసి
అందరికీ చాలా థ్యాంక్స్. చెప్పినవన్నీ వేరే గ్యారేజీలో దగ్గరుండి చేయించాను. క్లచ్ తొక్కినా వదిలినా తేడా లేదు. ఎడమకు తిప్పితే హోరు పెరిగింది. కుడి చక్రం తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి పెడితే గరగర స్పష్టంగా తగిలింది, ఎడమ వైపు ఏమీ లేదు. గేరాయిలు నల్లగా ఉంది గానీ పాలరంగు లేదు, ముక్కలు లేవు. కొత్తది పోయించాను. ఇప్పుడు బేరింగు మార్చాలి. ఈ గ్యారేజీ మెకానిక్ సుత్తితో కొట్టి ఎక్కిస్తానంటున్నాడు, ఇవ్వొచ్చా?

కాకినాడ ర్యాంపు
వద్దు. ఈ బండిలో బేరింగు చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప దిమ్మలో, అంటే నకిల్‌లో బిగుతుగా కూర్చుంటుంది. సుత్తి దెబ్బకు గుండ్లు వాటి దారిలో గుంటలు చేస్తాయి, కొద్ది వేల కిలోమీటర్లకే కొత్త బేరింగు పాతదానిలా ఏడుస్తుంది. నకిల్ విప్పించి హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు పట్టుకెళ్లండి. ఎక్కించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. హబ్ మధ్యలో ఉండే పెద్ద నట్టు కొత్తది వేయించి, టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పినంతే బిగించమనండి. నకిల్ విప్పాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఆటోనగర్ పాతకాపు
ప్రెస్సు విషయంలో నాదీ అదే మాట. మా ఆటోనగర్‌లో ప్రెస్సులకు కొదవ లేదు, ఎవరినడిగినా చూపిస్తారు. గేర్‌బాక్స్ సంగతి ఆయిలు చూశాక ఒప్పుకుంటున్నాను, ఇప్పుడు దించక్కర్లేదు. కానీ ఆ ఆయిలు కొద్ది నెలల తర్వాత మళ్లీ దింపి చూడాలి. నల్లగా వచ్చిందన్నారు, మూలల్లో మిగిలిన పాత మడ్డి ఇంకా ఉంటుంది. పనిలో పనిగా ఎడమ బేరింగు కూడా మార్చేయండి. రెండూ ఒకే నీళ్లలో ఒకే రోజు మునిగాయి.

కాకినాడ ర్యాంపు
ఆయిలు మళ్లీ చూడమన్నది సరైన సలహా. ఎడమ బేరింగు మాత్రం నేనైతే ఇప్పుడే ముట్టుకోను. గరగర లేని బేరింగును కొట్టి బయటికి తీస్తే అది ఇక పనికిరాదు. లేబర్ రెండోసారి పడుతుందన్నది నిజమే, కానీ బాగున్నదాన్ని విప్పడం కంటే ప్రతి సర్వీసుకూ స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూసుకోవడం మేలు.

సింగ్‌నగర్ వాసి
కుడిది ప్రెస్సులో వేయించాను, అలైన్‌మెంట్ అయింది. 70లో ఇప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుకుంటున్నాం. సిమెంటు రోడ్డు మీద కొంచెం హోరు మిగిలింది, తారు మీద లేదు. ఖమ్మం గారూ, ముందు టైర్ల మీద 2217 అని ఉంది, అరచేతికి గుచ్చుకుంటున్నాయి కూడా. ముందు రెండూ మార్చాలా, నాలుగూనా?

ఖమ్మం టైర్లు
వెనకవాటి తేదీ కూడా చూసి రాయండి. అవీ 2017వే అయితే నాలుగూ మార్చండి. రెండే కొనాల్సి వస్తే కొత్తవి వెనక వేయించుకోండి, వానలో బండి వెనక జారకుండా ఉంటుంది. ముందు ఎక్కేవాటికి ట్రెడ్డు సరిపడా ఉందో లేదో చూసుకోవాలి.