బోరు ఎండింది, కౌంటీ మ్యాప్‌లో మా వీధి లేదు

పెరటిబావి
మా బోరు 190 అడుగులు. పోయిన శుక్రవారం కుళాయి తిప్పితే బుస్సుమని గాలి, దాని వెనక గుప్పెడు ఇసుక, అంతే. మేముండేది కాలిఫోర్నియా శాన్ వాకీన్ లోయలో, సిటీ లిమిట్స్‌కి మైలు బయట. సిటీ పైపు మా వీధికి రాదు. రోడ్డవతల బాదం తోటకి నిరుడు 900 అడుగుల బోరు వేశారు. వచ్చే నెల కౌంటీ (ఇక్కడి జిల్లా లాంటిది) కరువు ప్లాన్ మీద జనం మాట వినే హియరింగ్ ఉంది. 2021 నాటి రాష్ట్ర చట్టం ఎస్‌బీ 552 ప్రకారం సొంత బోర్ల ఇళ్లకీ కౌంటీయే ప్లాన్ వేయాలి, కానీ డ్రాఫ్ట్ మ్యాప్‌లో మా వీధే లేదు. ఇలాంటి హియరింగ్‌లో మాట్లాడినవాళ్లున్నారా? ఏం చూపిస్తే వింటారు?

అనంతపురం_రిగ్గు
తమ్ముడూ, హియరింగ్ సంగతి తర్వాత. మోటారు ఎన్ని అడుగుల్లో దించారో పాత బిల్లు తీసి చూడు. అనంతపురంలో పదహారేళ్లు రిగ్గు మీదున్నా, ఇక్కడ తొమ్మిదేళ్లు. నీటిమట్టం మోటారు కిందికి జారితే గాలి పీలుస్తుంది. అడుగున ఇంకా నీళ్లుంటే ఒక పైపు కలిపి మోటారు దించితే చాలు. ఇసుక వచ్చిందంటున్నావు, కేసింగు జల్లెడ కూడా చూపించు. కొలవకుండానే కొత్త బోరు వేద్దామనేవాణ్ణి గేటు దాటనివ్వకు.

మౌంటెన్‌హౌస్_అమ్మ
సిటీ పైపు వస్తే బాధ తీరుతుందనుకోకండి. 2015 జూన్‌లో మా మౌంటెన్ హౌస్‌కి నీళ్లిచ్చే ఇరిగేషన్ డిస్ట్రిక్ట్‌ని డెల్టా నుంచి తోడుకోవద్దని రాష్ట్రం నోటీసిచ్చింది. 1914కి ముందటి నీటి హక్కులవి, పాతవి కాబట్టి కోత చివర్లో పడేవి, ఎవరూ ముట్టుకోలేరనుకున్నాం. ఊరంతటికీ అదొక్కటే ఆధారం. వేరేచోట నీళ్లు కొని గట్టెక్కాం. ఆ వేసవంతా బియ్యం కడిగిన నీళ్లే కరివేపాకు మొక్కకి పోశాను. బతికింది.

బాదం_రైతు
ప్రతిదానికీ బాదం తోటేనా? మాది నలభై ఎకరాలు, మొత్తం డ్రిప్పే. ధర పడిపోయింది, భూగర్భజలాల ఫీజు పెరిగింది. రైతు మీద పడి ఏడవడం అందరికీ తేలిక.

ఊటలెక్క
భూగర్భజలాల మీదే పీహెచ్‌డీ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, డ్రిప్పు గొప్ప చెప్పకండి. కాలవ నీళ్లు పారించిన రోజుల్లో కొంతైనా కిందికి ఇంకేవి. టమాటా, పత్తి అయితే కరువేడు బీడు పెట్టొచ్చు. బాదం చెట్టుకి ఏటా తడి ఇవ్వాల్సిందే. కాలవ ఆగిన ఏడే బోర్లు ఎక్కువ తోడతాయి. పక్కింటి బోరు ఎండేది అప్పుడే.

బాదం_రైతు
పీహెచ్‌డీ తోటకి నీళ్లు కట్టదు సార్. 2014 నాటి రాష్ట్ర భూగర్భజలాల చట్టం 2040కల్లా తోడుడు తగ్గించి లెక్క సరిచేయమంది. మాకు కోటా పెట్టారు, ఎనిమిది ఎకరాలు పీకేశాను. చెట్లు కూలుతుంటే మా నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఊటలెక్క
ఆ బాధ కాదనను. 2040 దాకా 190 అడుగుల బోరు ఆగుతుందా? అది చెప్పండి.

పాపాయి_వాళ్లమ్మ
నీళ్లు ఉన్నాయా లేవా అన్నదే చూస్తున్నారు. మా బోరులో నీళ్లున్నాయి. మరిగించి, చల్లార్చి, ఆ నీళ్లతోనే ఏడు నెలలు పాపకి పాలు కలిపాను. టెస్టు చేయిస్తే నైట్రేట్ (ఎరువుల్లోంచి నీళ్లలోకి దిగేది, పసిపిల్లలకి ప్రమాదం) లీటరుకి 17 మిల్లీగ్రాములు, పరిమితి 10. మరిగిస్తే అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సొంత బోరుకి టెస్టు ఎవరూ వచ్చి చేయరు, మనమే చేయించుకోవాలి. దయచేసి చేయించండి.

గోదారి_గట్టు
కొత్త బోరు వేసేట్టయితే కొబ్బరికాయ పట్టి చూసేవాళ్లు ఫ్రెస్నోలో ఎవరైనా ఉన్నారా? మా మావయ్య పట్టిన పాయింట్ ఎప్పుడూ తప్పలేదు.

అనంతపురం_రిగ్గు
అన్నా, కొబ్బరికాయ పాయింట్ల మీద నేనే వందల బోర్లు దించాను. దుమ్ము లేచిన బోర్ల పక్కన కూలబడి ఏడ్చిన రైతుల్ని చూశాను. ఆ మాట ఇక్కడ ఎత్తకు.

కూలి_లైన్
అసలు ప్రశ్నకి రండి. మ్యాప్‌లో వీధి లేకపోవడం పొరపాటని ఎందుకనుకుంటున్నారు? 1970ల మొదట్లో టులేరీ కౌంటీ ప్లాన్ 15 ఊళ్లు నిలబడేవి కావని రాసుకుంది. నీళ్లు, మురుగు పైపులు ఇవ్వకపోతే అవే క్షీణిస్తాయని అందులోనే ఉంది. ఎక్కువగా పొలం కూలీల ఊళ్లు. మా తాత ఊళ్లో వాడకి బావి వేరు, ఇక్కడ వాడకి పైపు లేదు. 2014లో అదే కౌంటీలోని ఈస్ట్ పోర్టర్‌విల్‌లో వందల ఇళ్ల బోర్లు ఎండాయి. పక్కనే ఉన్న సిటీ పైపు కలపడానికి 2018 దాకా పట్టింది. హియరింగ్‌లో ఎస్‌బీ 1000 చట్టం పేరెత్తండి: వెనకబడిన బస్తీలుంటే జనరల్ ప్లాన్‌లో (కౌంటీ దీర్ఘకాల అభివృద్ధి ప్లాన్) పర్యావరణ న్యాయం చేర్చాలి. ఎండిన ప్రతి బోరునీ రాష్ట్ర జలవనరుల శాఖ సైట్‌లో నమోదు చేయించండి. నమోదు కాని బోరుని ఎండినట్టు లెక్కవేయరు. ఇంటికి తాత్కాలిక నీళ్ల ట్యాంకు కావాలంటే విసేలియాలో సెల్ఫ్ హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థని అడగండి.

పెరటిబావి
రమ్మంటే ఒకతను వచ్చి కొలిచాడు. నీళ్లు 171 అడుగుల్లో, మోటారు 165లో. ఇరవై అడుగుల పైపు కలిపి దించాం, సన్నగా వస్తున్నాయి. రిగ్గు అన్నా, నీకు దండం. వీధిలో తొమ్మిది ఇళ్లు తిరిగాను. నాలుగు బోర్లు ఎండాయి, ఒక్కటీ నమోదు కాలేదు. పక్కింటి మెక్సికన్ పెద్దమ్మ పదకొండు వారాలుగా బకెట్లతో మోసుకుంటోంది, మాకే తెలియలేదు. హియరింగ్‌లో ఆమే మాట్లాడతానంది. స్పానిష్ దుబాసీ కావాలని క్లర్కుకి రాశాను. కానీ మీటింగ్ మంగళవారం మధ్యాహ్నం రెండింటికి. ఆ వేళకి ఆమె ద్రాక్షతోట పనిలో ఉంటుంది. సాయంత్రానికి మార్చమని ఎవర్ని అడగాలి?