సంక్రాంతి సంబరాలకు పిన్‌బాల్ యంత్రం: మరమ్మతు, ఏర్పాట్లు

ఆటల విభాగం:
అందరికీ నమస్కారం. మన సభ్యులొకరు పిల్లల కోసం ఇస్తామన్న పాత పిన్‌బాల్ యంత్రాన్ని (వాలు బల్ల మీద లోహపు బంతిని కొడుతూ స్కోరు చేసే ఆట) నిన్న వారి గ్యారేజీలో తెరిచి చూశాను. ఇది 1970లలో మన చికాగోలోనే తయారైనది. లోపల సర్క్యూట్ బోర్డు ఒక్కటీ లేదు. అంతా రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), కాయిల్స్ (కరెంటు పారితే అయస్కాంతంలా లాగే తీగ చుట్టలు), పలుచటి రేకు స్విచ్‌లు, వాటిని వరుసగా నడిపే ఒక మోటారు. కాబట్టి లోపాన్ని కంటితో చూసి, చెవితో విని పట్టుకోవచ్చు.

ప్రస్తుతం మూడు లోపాలున్నాయి. మొదటిది, ఆట ప్రారంభించగానే మోటారు తిరగడం మొదలుపెట్టి ఆగడం లేదు. స్కోరు చక్రాలన్నీ సున్నాకు చేరితేనే అది ఆగాలి. వందల చక్రం ఏడు దగ్గర ఇరుక్కుపోయింది. ఎవరో ఎప్పుడో మంచి ఉద్దేశంతోనే నూనె వేసినట్లున్నారు, అది ఎండి బంకలా పట్టేసింది. ఆ భాగాన్ని విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పొడిగానే తిరిగి బిగించాలి. దయచేసి ఎవరూ మళ్లీ నూనె వేయవద్దు.

రెండవది, కుడి ఫ్లిప్పర్ (మీట నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న తెడ్డు) నీరసంగా లేస్తోంది. దాని కాయిల్‌లో రెండు చుట్లుంటాయి: బంతిని బలంగా కొట్టేందుకు లావు తీగ చుట్టు, లేచిన ఫ్లిప్పర్‌ను పట్టి ఉంచేందుకు సన్న తీగ చుట్టు. ఫ్లిప్పర్ పూర్తిగా లేచేదాకా మూసి ఉండి, లేవగానే తెరుచుకునే ఒక స్విచ్ ఈ రెంటి మధ్య మార్పు చేస్తుంది. ఆ స్విచ్ మొనలు నల్లబడితే దెబ్బలో బలం ఉండదు. తెరుచుకోవడమే మానేస్తే, పిల్లలు మీట నొక్కి పట్టుకున్నంతసేపూ లావు తీగలోనే విద్యుత్తు పారి కాయిల్ మాడిపోతుంది. మనది మొదటి రకమే. సన్నని ఆకురాయితో మొనలను నాలుగైదుసార్లు రుద్ది, రేకుల మధ్య ఎడాన్ని సరిచేస్తే చాలునని నా అంచనా.

మూడవది ఎడమ బంపర్, అంటే బంతి తగిలితే దాన్ని ఎగరగొట్టే భాగం. బంతి తగిలినా స్పందించడం లేదు. ఇంకా చూడలేదు.

విద్యుత్ ఏర్పాట్లు:
లోపాల కన్నా ముందు యంత్రానికి కరెంటు తెచ్చే తీగ సంగతి తేల్చాలి. మీరు పంపిన ఫొటోలో ప్లగ్గుకు రెండే పుల్లలున్నాయి, అంటే ఎర్తింగ్ లేదు. కాళ్లు, నాణేల తలుపు, అంచు పట్టీలు అన్నీ లోహమే. కాయిల్స్‌కు వెళ్లేది సుమారు 25 వోల్టులే అయినా ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చేది 120 వోల్టులు కనుక, మూడు పుల్లల తీగ వేసి ఆ లోహ భాగాలన్నిటినీ ఎర్త్‌కు కలపనిదే దీన్ని పిల్లల ముందు పెట్టడానికి నేను ఒప్పుకోలేను. ఫ్యూజుల విలువలను కూడా లోపలి చీటీతో సరిపోల్చుతాను. ఫ్యూజు పోతే రాగితీగ చుట్టే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. స్విచ్‌లు రుద్దేటప్పుడు ప్లగ్గు తీసి ఉంచండి.

రవాణా, హాలు:
బ్యాక్‌బాక్స్‌ను (స్కోరు చూపే పై పెట్టెను) విడదీసి, బంతిని బయటకు తీసి, కాళ్లు విప్పి తీసుకురావాలి. నలుగురు మనుషులు కావాలి. జనవరి చలిలో వ్యాను నుంచి వెచ్చని హాలులోకి తేగానే లోహం మీద చెమ్మ పడుతుంది కనుక, ముందురోజు సాయంత్రమే దించి, రాత్రంతా అలాగే ఉంచి, ఉదయం కరెంటు ఇద్దాం. హాలు నేల సమంగా లేదు. కాళ్ల మరలను సరిచేయడానికి నా రసమట్టం తెస్తాను.

ఆటల విభాగం:
తీగ విషయంలో మీ మాటే ఖాయం, ముందు అదే జరగాలి. రసమట్టం తెస్తామన్నందుకు ధన్యవాదాలు. యంత్రం లోపల తాపీమేస్త్రీల తూకపు గుండు వంటి లోలకం ఒకటి వేలాడుతోంది, యంత్రం పక్కకు ఒరిగి ఉంటే అది చుట్టూ ఉన్న కడియానికి ఊరికే తగిలి ఆట ఆగిపోతుంది. ఈ రోజు బంపర్ కూడా చూశాను: కాయిల్ బాగానే ఉంది, కింది స్విచ్ రేకు వంగి మొనలు కలవడం లేదు. చక్రం శుభ్రమైంది, మోటారు ఆగుతోంది. ఫ్లిప్పర్ మాత్రం ఆకురాయి తర్వాత కూడా కొంచెం బిగుతుగానే కదులుతోంది. కాయిల్ లోపలి గొట్టం అరిగినట్లుంది, కొత్తది తెప్పిస్తున్నాను. శనివారం ఉదయం పది గంటలకు గ్యారేజీలో కలుద్దాం. టంకం పెట్టడం వచ్చినవారు ఇంకొకరు కావాలి, రాగలవారు ఇక్కడే తెలియజేయగలరు.