బార్తెల్ స్కోరు 85 వస్తే ఇంటికి పంపేయొచ్చా?

చిత్తూరు_కోడలు: మా మామయ్యకు పక్షవాతం, కుడి చెయ్యి కుడి కాలు. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఫిజియో చేయించి, డిశ్చార్జి చీటీలో బార్తెల్ 100కి 85 అని రాసి పంపేశారు. ఇంటికొచ్చాక అన్నం నేనే తినిపిస్తున్నా. ఏం లెక్క ఇది?

ఫిజియో_తిరుపతి: మేడమ్, అది పేషెంటు రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకుంటున్నారో చూసే కొలత, 1965 నుంచి వాడుతున్నారు. తిండి, స్నానం, బట్టలు, మలమూత్రాల అదుపు, నడక, మెట్లు, ఇలా మొత్తం 10 పనులు. మాట, జ్ఞాపకం అందులో ఉండవు. తిండికి ఎంత వేశారు?

చిత్తూరు_కోడలు: 10కి 10. వార్డులో ఎడమ చేత్తో స్పూను పట్టి ఇడ్లీ తిన్నారు కాబట్టి. మా ఇంట్లో సంగటి. స్పూనుకు అతుక్కుపోతుంది, ఎడమ చేత్తో ముద్ద ముట్టనంటారు.

ఫిజియో_తిరుపతి: స్పూనుతో తిన్నా పూర్తి మార్కులే, రూలు అది.

కాళహస్తి_కుర్రోడు: ఇడ్లీయే పెట్టక్కా, గొడవుండదు 😀

పీలేరు_పెద్దాయన: ఎడమ చేత్తో తింటే తప్పేంది? మా అన్న అట్లే తిన్నాడు చివరిదాకా.

చిత్తూరు_కోడలు: నేనడిగింది ఎడమ చెయ్యి గురించా?

ఫిజియో_తిరుపతి: కోప్పడొద్దు. చేయగలిగింది కాదు, రోజూ చేస్తున్నదే రాయాలి బార్తెల్‌లో. మీరు తినిపిస్తూ పోతే రివ్యూలో ఆ 10 కాస్తా 0 అవుతుంది. చాలా ఇళ్లల్లో పేషెంటును ఇట్లే కూర్చోబెట్టేస్తారు.

చిత్తూరు_కోడలు: నేను కూర్చోబెట్టానా! ఆయన సొంతంగా తింటే ముప్పావు గంట. ఏడున్నరకు నా బస్సు. ఎంతసేపట్లో తిన్నారో వార్డులో ఎవరైనా చూశారా?

రీహాబ్_విద్యార్థి: సార్, సమంజసమైన టైములో తినాలని బార్తెల్ రూల్లోనే ఉంది కదా. ఎఫ్ఐఎమ్‌ అనే ఇంకో కొలతలో అయితే 18 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7. ఎక్కువసేపు పట్టినా, ప్రత్యేకమైన స్పూను లాంటిది వాడినా 7 రాదు, 6 వేస్తారు. మాట, జ్ఞాపకం కూడా చూస్తారు.

ఫిజియో_తిరుపతి: తెలుసు బాబూ. కానీ మేడమ్ బస్సు టైముకూ ఆయన కోలుకోడానికీ ముడిపెడితే ఎట్లా?

చిత్తూరు_కోడలు: ముడి ఉంది సార్. మా ఆయన బెంగళూరులో. ఆడబిడ్డ ఫోన్ చేసి "డాక్టర్లే 85 అన్నారు, ఇంక నువ్వు చేసేదేముంది" అంటుంది. ఆ చీటీ చూపించే నా లీవు గురించి మాట్లాడనివ్వలేదు ఇంట్లో. రాత్రిపూట బాత్రూమ్‌కు ఎవరు లేస్తున్నారో దాంట్లో ఎక్కడుంది?

ఫిజియో_తిరుపతి: అది పేషెంటుకు పెట్టిన కొలత, ఇంట్లోవాళ్ల చాకిరీకి కాదు.

చిత్తూరు_కోడలు: మరి దాన్ని చూసే కదా ఇంటికి పంపింది? పంపేముందు నన్నొక్క మాట అడిగారా?

ఫిజియో_తిరుపతి: అడగాల్సింది, ఒప్పుకుంటా. అయినా తినిపించడం మాత్రం ఆపండి. రివ్యూకి వెళ్లేటప్పుడు క్యారియర్లో సంగటి తీసుకెళ్లి వాళ్ల ఎదురుగానే తినమనండి.

చిత్తూరు_కోడలు: ఆడబిడ్డను కూడా తీసుకెళ్తా. నాకు లీవు మీరిప్పిస్తారా?